మోటారు మార్చే ముందు దానికి వోల్టేజి అందుతోందో లేదో చూడండి

మాస్టారూ, నమస్కారం. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాత స్కూలు బస్సును మోటార్‌హోమ్‌గా మార్పించుకున్నారు. అమెరికాలో ఇలాంటి బండ్ల కోసమే తయారయ్యే గ్యాసు ఫర్నేస్, అంటే లోపలి గదిని వెచ్చబరిచే హీటరు, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బిగించారు. బొబ్బిలి నుంచి సాలూరు, సుంకి ఘాటు మీదుగా ఒడిశా వైపు వచ్చి దేవ్‌మాలి కొండ కింద రెండు రాత్రులు ఉన్నారు. సాయంత్రం పూట ఫర్నేస్ చక్కగా పనిచేసింది. రాత్రి రెండు, మూడు గంటలయ్యేసరికి గాలి తోలే బ్లోయర్ నీరసంగా తిరుగుతూ చల్లగాలి కొట్టడం మొదలుపెట్టింది, మంట అందుకోలేదు. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలైపోయింది. ఫ్యాను మొదలైనప్పుడు ఒక నిమిషం పాటు కీచుమంటోంది. దారిలో ఒకాయనకు చూపిస్తే మోటారు పోయింది, కొత్తది విదేశం నుంచి తెప్పించుకోవాలి అన్నారు. చివర్లో, దీనికీ దానికీ సంబంధం లేదేమో అంటూనే, బస్సులో ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకదానికి మాత్రం పదిహేను రోజులకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తోందని రాశారు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ చివరి మాటే.

మాది పార్వతీపురం. ఒడిశాలోని సిమిలిగుడలో ఇరవై ఏడేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. రోజూ వచ్చేవి లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, వైపర్ మోటార్లు. ఈ మధ్య చలికాలంలో అరకు, దేవ్‌మాలి చూడ్డానికి వచ్చే క్యారవాన్లు కూడా ఆగుతున్నాయి. మీలాంటి ఫర్నేస్‌లు కొన్ని విప్పి బిగించాను. మీ మోటారు పోలేదని నా నమ్మకం. మహా అయితే దాని షాఫ్టును మోసే బుష్‌లు ఎండిపోయి ఉంటాయి. దానికి అందాల్సిన వోల్టేజి అర్ధరాత్రి దాటాక అందడం లేదు. లెక్కలు చెప్పిన మాస్టారు కాబట్టి, నా మాట మీద కాకుండా మీరే కొలిచి తేల్చుకునేలా రాస్తాను.

ముందుగా ఈ ఫర్నేస్ నడిచే తీరు తెలియాలి. గది చల్లబడి థర్మోస్టాట్ (వేడిని బట్టి కలిసే స్విచ్) కలవగానే మొదట బ్లోయర్ ఒక్కటే తిరుగుతుంది. గ్యాసు అప్పుడే వదలదు. సుమారు 15 సెకన్లు ఊరికే గాలి తోలి, లోపల పాత గ్యాసు, పొగ ఏమైనా మిగిలి ఉంటే బయటికి నెట్టేస్తుంది. ఆ గాలి దారిలో గోరంత పల్చని రేకు ఒకటి అడ్డంగా ఉంటుంది. దాన్ని సెయిల్ స్విచ్ అంటారు. పడవ తెరచాపలాగే గాలి బలంగా తోస్తే వెనక్కి వాలుతుంది, వాలితే స్విచ్ కలుస్తుంది. బ్లోయర్ తన పూర్తి వేగంలో ముప్పాతిక వంతు దాకా చేరితే తప్ప ఆ రేకు వాలదు. అది కలిశాకనే ఫర్నేస్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు గ్యాసు వాల్వ్ తెరిచి స్పార్క్ ఇస్తుంది. ఏడెనిమిది సెకన్లలో మంట తగలకపోతే వాల్వ్ మూసేస్తుంది. కొన్ని బోర్డులు మూడుసార్లు ప్రయత్నించి ఇక ఆగిపోతాయి.

అంత జాగ్రత్త ఎందుకంటే, ఇందులో ఒకే మోటారు రెండు పనులు చేస్తుంది. దాని షాఫ్టు రెండు వైపులా బయటికి వస్తుంది. ఒక చివర డోలులాంటి పెద్ద చక్రం, అది మీ గదిలోకి వేడిగాలి తోలుతుంది. రెండో చివర చిన్న చక్రం, అది మంటకు కావలసిన గాలిని బయటి నుంచి లాగి పొగను బయటికి నెడుతుంది. మోటారు నెమ్మదిస్తే గదిలోకి వచ్చే గాలితో పాటు మంటకు అందే గాలీ తగ్గిపోతుంది. అలాంటప్పుడు గ్యాసు వదలకూడదు. మీ ఫర్నేస్ ఆ రాత్రి మంట పెట్టకపోవడం రోగం కాదు, దాని బుద్ధి.

ఏ మీటరూ లేకుండా చేయగల పరీక్ష ఒకటి ఉంది. ఈసారి మంట రాకపోతే బ్లోయర్ మొదలైన పావు నిమిషం తర్వాత ఫర్నేస్ దగ్గర చెవి పెట్టండి. మొదట టక్కుమని వాల్వ్ తెరిచిన చప్పుడు, వెంటనే గ్యాస్ స్టవ్ లైటర్‌లాగా టిక్ టిక్ టిక్ అని స్పార్క్ చప్పుడు రావాలి. ఆ రెండూ వినిపించి మంట రాలేదంటే మోటారు జోలికి పోనక్కర్లేదు, గ్యాసు వైపు చూడాలి. మన గ్యాసు బండలో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి, ఇక్కడి పుష్యమాసం రాత్రుల్లో ఐదారు డిగ్రీలకు దిగినప్పుడు, అందులోనూ బండ అడుగంటినప్పుడు, ప్రెషర్ బాగా పడిపోతుంది. నిండు బండ పెట్టి చూడండి. బండకు వేడి మాత్రం చూపించకండి. ఇక ఆ టక్కు, ఆ టిక్ టిక్ అసలు వినిపించకపోతే గాలి చాలక సెయిల్ స్విచ్ కలవలేదన్నమాట. మీరు రాసిన నీరసం చూస్తే మీది ఈ రెండో రకమే.

ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ దగ్గరికి వద్దాం. మీది 24 వోల్టుల బండి. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. ఫర్నేస్ 12 వోల్టులది. బాడీ కట్టినవాళ్లు రెండు బ్యాటరీల మధ్య కలిపే లింకు దగ్గర నుంచి ఒక వైరు లాగి ఫర్నేస్‌కు, లైట్లకు, నీళ్ల పంపుకు ఇచ్చేసి ఉంటారు. లారీల్లో టేప్‌రికార్డర్ కోసం ఈ పని చేయడం నేను పని నేర్చుకునే రోజుల నుంచీ చూస్తున్నాను. పాటలకు సరిపోతుంది. ఫర్నేస్‌కు సరిపోదు.

ఎందుకంటే ఆ వైరు తాగేదంతా కింది బ్యాటరీ నుంచే, అంటే నెగటివ్ బాడీకి కలిసి ఉన్న బ్యాటరీ నుంచే పోతుంది. పై బ్యాటరీ కదలదు. పొద్దున్న ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆల్టర్నేటర్ రెండింటికీ కలిపి 28 వోల్టుల దాకా ఇస్తుంది. చెరి 14 రావాలి. కానీ కిందిది ఖాళీగా ఉంది కాబట్టి 13 దగ్గరే ఉండిపోతుంది, మిగిలిన 15 పైదాని నెత్తిన పడుతుంది. నిండి ఉన్న బ్యాటరీకి 15 వోల్టులు ఇస్తే నీళ్లు వాయువులుగా విడిపోయి తరిగిపోతాయి. మీరు పదిహేను రోజులకోసారి నీళ్లు పోస్తున్నది ఆ పై బ్యాటరీకి. జబ్బు దానిది కాదు. నీళ్లు అడగకుండా నిశ్శబ్దంగా ఉన్న రెండోది ఎప్పుడూ నిండక, సగం కడుపుతో ఉండి ఉండి సల్ఫేషన్ పట్టి, అంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, చచ్చిపోతోంది. బ్యాటరీలు తనిఖీ చేసేటప్పుడు అందరూ నీళ్లు తాగేదాన్నే అనుమానిస్తారు, అసలుదాన్ని వదిలేస్తారు.

ఇప్పుడు లెక్క వేయండి. మీ ఫర్నేస్ సైజుకు బ్లోయర్ సుమారు 8 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఈ రకాల్లో చిన్నవి మూడు దాకా, పెద్దవి పది, పన్నెండు దాకా కూడా లాగుతాయి, మీ దాని రేకు మీద రాసి ఉంటుంది. రాత్రి ఏడింటి నుంచి మూడింటి దాకా ఎనిమిది గంటల్లో సగం సేపు తిరిగిందంటే నాలుగు గంటలు. నాలుగెనిమిదులు 32 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయినా, ఎన్నడూ నిండనిది సాయంత్రానికే అరవైలో ఉంటుంది. లైట్లు, పంపు కూడా కలిపితే మూడింటికి ఇరవైకి దిగుతుంది. చలికి బ్యాటరీ బలం ఇంకొంత తగ్గుతుంది. నిండిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 చూపిస్తుంది, సగం అయితే 12.2 దగ్గర. మీది ఆ వేళకు లోడ్ మీద, అంటే బ్లోయర్ కరెంటు లాగుతుండగా, 11.7 ఉంటే గొప్ప.

దానికి తోడు వైరు తినేది ఒకటి ఉంది. బ్యాటరీ ముందు భాగంలో, ఫర్నేస్ వెనక మంచం కింద. పోనూ రానూ కలిపి 12 మీటర్లు అనుకోండి. ఇళ్లలో లైట్లకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే 8 ఆంపియర్ల దగ్గర వోల్టుకు కాస్త పైన వైరులోనే పోతుంది. 2.5 వైరు అయితే ముప్పావు వోల్టు. 6 వైరు అయితే పావు వోల్టుకు కాస్త పైన. 230 వోల్టుల కరెంటులో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో ఒక వోల్టు పోతే పన్నెండో వంతు పోయినట్టే. ఇంటి వైరింగ్ అలవాటున్నవాళ్లు బండి లోపల వైరింగ్ చేసినప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

11.7లో ఆ వోల్టు చిల్లర తీసేస్తే మోటారుకు మిగిలింది పదిన్నర. 12కు తయారైన మోటారు పదిన్నరకు దిగితే సెయిల్ స్విచ్ రేకును వాల్చేంత గాలి సాధారణంగా ఇవ్వదు. ఇంజిన్ ఆన్ చేయగానే ఎందుకు బాగైపోతోందో దీంతో తెలిసిపోతోంది కదా. పోయిన మోటారు ఇంజిన్ ఆన్ చేస్తే బాగవదు.

ఇక కొలవడం. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ 20 రేంజిలో పెట్టండి. ఫర్నేస్ ఆపి ఉన్నప్పుడు మోటారు దగ్గర కొలిచి 12.4 వస్తోంది, కరెంటు బాగానే ఉంది అనేవాళ్లను రోజూ చూస్తాను. లోడ్ లేనప్పుడు తుప్పు పట్టిన తీగ కూడా 12 చూపిస్తుంది. బ్లోయర్ తిరుగుతుండగా, మోటారు సొంత వైర్ల చివర్లలో, కనెక్టర్ వెనక నుంచి పిన్నులు గుచ్చి కొలవాలి. అది కూడా సాయంత్రం కాదు, ఇబ్బంది వచ్చే వేళకే. అలారం పెట్టుకుని లేవండి, ఒక్క రాత్రి కష్టం. అక్కడ 12 దాటి ఉండి కూడా మోటారు నీరసంగా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను, మోటారునే విప్పుదాం. 11 లోపు ఉంటే మోటారును ముట్టుకోకండి.

తర్వాత, బ్లోయర్ తిరుగుతూ ఉండగానే, పొడవాటి వైరు ఒకటి తీసుకుని మీటరు ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, రెండోది ఫర్నేస్ నెగటివ్ వైరు మీద పెట్టండి. సున్నాకు దగ్గరగా రావాలి. 0.3 దాటితే ఎర్త్, అంటే బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి, సరిగా లేదు. అలాగే లింకు దగ్గర పాజిటివ్‌కూ, ఫర్నేస్ పాజిటివ్‌కూ మధ్య కొలవండి. ఎంత వస్తే అంత దారిలో పోతోందన్నమాట. ఏ ముక్కలో పోతోందో ఫ్యూజుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, జాయింటుకు ముందు, తర్వాత ఇలా దగ్గరికి జరుపుతూ పోతే దొరికిపోతుంది. పది నిమిషాలు నడిచాక ఫ్యూజ్ హోల్డర్‌ను వేళ్లతో తాకి చూడండి. వెచ్చగా ఉంటే అక్కడే ఒక దొంగ ఉన్నాడు.

ఎర్త్ గురించి ఒక్క మాట ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ ప్రాంతంలో వాన ఎక్కువ, నేను చూసిన సగం ఎర్త్‌లు పెయింట్ మీద బిగించినవే. బస్సు లోపల ప్లైవుడ్, దాని మీద షీటు వేశాక, ఫర్నేస్ ఎర్త్ లగ్గును (వైరు చివరి లోహపు రింగును) ఏ సీటు బోల్టు కిందో పెట్టేస్తారు. పైకి బిగువుగా ఉంటుంది. విప్పి చూస్తే లగ్గు కింద నీలం పెయింటు, దాని కింద ఎర్ర తుప్పు పొర. నవంబరులో ఒక బండికి అలాంటి బోల్టు విప్పి, గీకుడు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు క్రింప్ చేసి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాశాను. అదే మోటారు, అదే బ్యాటరీ. అప్పటిదాకా మూలుగుతున్న బ్లోయర్ బుస్సుమంది. ఇంటావిడ ఉలిక్కిపడి ఏమైందండీ అని దిగి వచ్చారు. బాడీని నమ్ముకోకుండా ఫర్నేస్‌కు నెగటివ్ వైరు కూడా విడిగా లాగితే ఈ బాధే ఉండదు. నా సలహా అదే.

మీ బండికి అసలు చేయాల్సిన పని, మధ్య లింకు నుంచి తీసిన ఆ వైరును పూర్తిగా తీసేయడం. రెండు దారులున్నాయి. ఒకటి, 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టడం. అప్పుడు రెండు బ్యాటరీలూ సమంగా ఖర్చవుతాయి. కనీసం 20 ఆంపియర్లది తీసుకోండి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి పది ఆంపియర్ల కన్వర్టర్ ట్రిప్ అయిపోతుంది, మళ్లీ మోటారు పోయిందంటారు. రెండోది, నాకు ఎక్కువ ఇష్టమైనది: నివాసం వైపు వాడకానికి 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి విడిగా పెట్టి, దాన్ని బండి నడుస్తుండగా 24 నుంచి 12కు ఛార్జ్ చేసే డీసీ ఛార్జర్‌తో నింపడం. రాత్రి ఎంత వాడినా పొద్దున సెల్ఫ్ కొట్టే బ్యాటరీలకు ఏమీ కాదు. ఘాటు రోడ్డు మీద మనవళ్లతో ఉన్నప్పుడు బండి స్టార్ట్ అవుతుందన్న ధీమా చాలా పెద్దది. ఏ దారి ఎంచుకున్నా ఫర్నేస్‌కు 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఇప్పటి కింది బ్యాటరీని లోడ్ టెస్టర్ మీద పెట్టించండి, బహుశా అది మార్చాల్సి వస్తుంది. మారిస్తే రెండూ కలిపి మార్చండి. పాతదాని పక్కన కొత్తది పెడితే మళ్లీ అదే తేడా మొదలవుతుంది.

ఇప్పుడు ఆ కీచు శబ్దం సంగతి. అది మోటారుదే. ఈ మోటార్లలో ఎక్కువ భాగానికి బేరింగుల బదులు బుష్‌లుంటాయి. నూనె పీల్చుకున్న ఇత్తడి రంగు చిన్న గొట్టాలు. ఏళ్ల తరబడి ఫర్నేస్ వేడికి ఆ నూనె ఎండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కీచుమని, కాస్త వేడెక్కాక సర్దుకుంటుంది. అరిగిన బుష్ కూడా మోటారును బరువుగా తిప్పి ఎక్కువ ఆంపియర్లు లాగిస్తుంది కాబట్టి దీన్నీ వదిలేయకూడదు. గ్యాసు కట్టేసి, ఫ్యూజు తీసేసి, చక్రాన్ని వేలితో తిప్పి వదలండి. రెండు మూడు చుట్లు తిరిగి మెల్లగా ఆగాలి. వదలగానే ఆగిపోతే బిగిసింది. షాఫ్టు చివర పట్టుకుని పైకీ కిందికీ కదపండి, టకటకమంటే బుష్ అరిగింది. బిగువు మాత్రమే ఉంటే షాఫ్టు బుష్‌లోకి దూరే చోట రెండు చుక్కలు టర్బైన్ ఆయిల్, అది లేకపోతే కుట్టుమిషన్ నూనె వేసి తిప్పుతూ ఇంకించండి. స్ప్రే డబ్బాలో వచ్చే తుప్పు వదిలించే ద్రవం కొట్టకండి. అది ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది. వారం బాగుంటుంది, తర్వాత ముందుకన్నా గట్టిగా అరుస్తుంది.

మోటారు విప్పాల్సి వస్తే, మూత తీసే ముందు మోటారు డబ్బా మీద, రెండు మూతల మీద కలిపి ఒక గీత గీయండి. మేకుతో గీస్తే ఇంకా మంచిది, మార్కర్ గీత పెట్రోలు గుడ్డ తగిలితే పోతుంది. ఇందులో అయస్కాంతాలు డబ్బాకే అతికి ఉంటాయి. మళ్లీ బిగించేటప్పుడు డబ్బా సగం చుట్టు తిరిగి కూర్చుంటే మోటారు వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగినా డోలు చక్రం కొంత గాలి తోస్తుంది! అందుకే ఎవరికీ అనుమానం రాదు. గాలి వస్తోంది, మంట రాదు, బోర్డు మారుస్తారు, వాల్వ్ మారుస్తారు. బ్యాటరీ మార్చినప్పుడు ప్లస్, మైనస్ వైర్లు తారుమారైనా ఇదే జరుగుతుంది. కాబట్టి తిరిగే దిక్కు ముందే చూసి రాసి పెట్టుకోండి. ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్ల భాగం) లాగేటప్పుడు అయస్కాంతాలు గట్టిగా పట్టుకుంటాయి. సుత్తి వాడొద్దు, అవి పింగాణీలాగా పగులుతాయి.

లోపల చూడాల్సింది కార్బన్లు, అవి రాసుకుంటూ కరెంటు అందించే రాగి పలకల చక్రం, అంటే కమ్యుటేటర్. కార్బన్ మూడో వంతుకు అరిగి, స్ప్రింగు చివరికి వచ్చేసి ఉంటే మార్చాలి. అలాంటి మోటారు ఒక్కోసారి మొదలవదు, డబ్బా మీద చిన్నగా తడితే తిరుగుతుంది. కమ్యుటేటర్ రాగి మీద కాఫీరంగు నునుపు ఉంటే అది మంచి గుర్తు, దాన్ని గీకి మెరిపించకండి. నల్లగా కాలిన మచ్చలుంటే జీరో ఎమరీ పేపర్ ముక్కతో తేలిగ్గా తుడిచి, రాగి పలకల మధ్య గాడిలో చేరిన కార్బన్ పొడిని సన్నని హ్యాక్‌సా బ్లేడు ముక్కతో తీయాలి. ఒకటి రెండు పలకలే కాలి ఉంటే ఆ చుట్టు తెగిందని అర్థం. జయపురంలో ఆర్మేచర్ చుట్టేవాళ్లు ఉన్నారు, తీగ మందం, చుట్ల సంఖ్య లెక్కపెట్టి అలాగే చుట్టమనండి.

కార్బన్ల విషయంలో ఒక హెచ్చరిక. సరైన సైజు దొరక్కపోతే మనవాళ్లు పెద్ద కార్బన్‌ను రాయి మీద అరగదీసి సరిచేస్తారు. అది తప్పు కాదు, నేనూ చేస్తాను. కానీ దేన్ని అరగదీస్తున్నామో చూడాలి. గ్రైండర్, డ్రిల్లింగ్ మిషన్ కార్బన్లు 230 వోల్టులకు చేసినవి. వాటి రెసిస్టెన్స్ ఎక్కువ, 12 వోల్టుల మోటారులో పెడితే ఆ కార్బన్లే కొంత వోల్టేజి తినేసి మోటారు నీరసపడుతుంది. తక్కువ వోల్టేజి కార్బన్‌లో రాగి పొడి కలిసి ఉంటుంది. విరిచిన చోట వెలుతురులో పట్టుకుంటే రాగి మెరుపు కనిపిస్తుంది. కారు వైపర్ మోటారు, రేడియేటర్ ఫ్యాను కార్బన్ల నుంచి తీసుకోండి. తీగ కొస తెగకుండా చూసుకోవాలి.

ఇవేవీ కుదరక కొత్త మోటారే కొనాల్సి వస్తే, కారు ఏసీ బ్లోయర్ మోటారు పెట్టేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానికి షాఫ్టు ఒక వైపే ఉంటుంది. మంటకు గాలి తోలే రెండో చక్రం ఎక్కడ పెడతారు? వోల్టేజి, తిరిగే దిక్కు, వేగం, రెండు వైపులా షాఫ్టు పొడవు, మందం, ఇవన్నీ కలిసిన మోటారే పెట్టాలి.

మోటారు, వోల్టేజి రెండూ బాగుండి గాలి తక్కువగా ఉంటే దారి మూసుకుపోయింది. వేసవంతా బండి షెడ్డులో నిలబెట్టినప్పుడు మట్టి గూడు కట్టే కందిరీగలు బయటి పొగ గొట్టంలో కాపురం పెడతాయి. టార్చి వేసి చూడండి, పుల్లతో పొడవకుండా జాగ్రత్తగా తీయండి. సన్నని తీగ జాలీ అడ్డం పెడతామనుకుంటే ఆ ఫర్నేస్ కోసం చేసినదే పెట్టాలి, దోమల జాలీ కడితే పొగకే అడ్డం. లోపలి వైపు మంచం కింద బ్లోయర్ గాలి పీల్చే చోట దుప్పట్లు, సూట్‌కేసులు ఆనించి పెట్టకండి. వేడి బయటికి పోయే దారి మూస్తే, వేడి మితిమీరకుండా కాపాడే లిమిట్ స్విచ్ లోపల తెరుచుకుని మంట ఆగి ఆగి వస్తుంది.

ఇప్పుడు నేను చాలా గట్టిగా చెప్పాల్సింది. మీ సమస్యకు ఎవరైనా సెయిల్ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి, చూశారా మంట వచ్చింది అంటారు. వస్తుంది. ఒప్పుకోకండి. మూడేళ్ల కిందట ఒక కుటుంబం పొద్దున్నే నా షాపు ముందు బండి ఆపారు. బ్యాటరీ దిగిపోయింది చూడమన్నారు. దిగిన నలుగురికీ తలనొప్పి, చిన్నపాప వాంతి చేసుకుంది. ఘాటు రోడ్డు మలుపులకేమో అనుకున్నారు. బండిలోకి వెళ్లి ఫర్నేస్ మూత తీస్తే, సెయిల్ స్విచ్ రెండు వైర్లూ మెలితిప్పి నల్ల టేపు చుట్టి ఉన్నాయి. ఎక్కడో ఎవరో చేసిన పని. రాత్రంతా బ్యాటరీ తగ్గుతూ, మోటారు నెమ్మదిస్తూ, గాలి చాలని మంట మండుతూనే ఉంది. దానికి తోడు ఫర్నేస్ లోపల మంట మండే లోహపు పెట్టెకు, అంటే వేడి గదికి, సన్నని పగులు. అద్దాలు పూర్తిగా మూయకపోవడం వల్ల వాళ్లు బతికారు. అందరినీ వెంటనే ఆసుపత్రికి పంపాను. ఆ నల్ల టేపు ముక్క ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది.

గాలి చాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే అవకాశమే లేదు. అందుకని బండిలో పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం, నేల దగ్గర గ్యాసు లీకు అలారం, ఈ రెండూ లేకుండా ఇంకొక్క రాత్రి కూడా ఫర్నేస్ వేయకండి. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి దాని అలారం కిందే ఉండాలి. ఫర్నేస్ విప్పి బిగించిన ప్రతిసారీ జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పదేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ ఫర్నేస్ కాబట్టి లోపలి వేడి గదిలో పగుళ్లున్నాయేమో లైటు వేసి ఒకసారి చూపించండి. పగులుంటే దాన్ని వెల్డింగ్ చేయించవద్దు, ఆ ఫర్నేస్‌ను పక్కన పెట్టేయండి. ఫర్నేస్ పనిచేయని రాత్రి చలికి తాళలేక బొగ్గుల కుంపటి బండిలో పెట్టుకుంటారు కొందరు. మనవళ్లు ఉన్న బండిలో ఆ ఆలోచనే రానీయకండి. ఇంకో రెండు రగ్గులు ఎక్కువ తెచ్చుకోండి.

ఈసారి వచ్చినప్పుడు మూడు అంకెలు రాసుకుని ఉంచండి: మంట రాని వేళ మోటారు దగ్గర వోల్టేజి, అదే సమయంలో కింది బ్యాటరీ పోల్స్ మీద వోల్టేజి, ఎర్త్ వైపు పోతున్నది. ఆ మూడూ ఉంటే ఏ ఊళ్లో మెకానిక్ అయినా అరగంటలో తేల్చేస్తాడు. నా దగ్గరికి రావాలనుకుంటే మోటారు ఒక్కటే విప్పి సంచిలో పెట్టి తేకండి మాస్టారూ. బల్ల మీద మంచి బ్యాటరీకి కలిపితే అది బాగానే తిరుగుతుంది. బండితో సహా రండి, సాయంత్రం వచ్చి రాత్రికి షాపు ముందే ఆపుకోండి. మూడింటికి నేనే లేచి మీటరు పట్టుకుని వస్తాను.